చిక్కుడు కుటుంబపు విషాలు, మందులు: ఉష్ణమండల గింజల రసాయనాలు

చిక్కుడు కుటుంబం పుష్పించే మొక్కల్లో మూడో పెద్ద కుటుంబం. వృక్షశాస్త్రంలో దీని పేరు ఫాబేసీ, పాత పేరు లెగ్యుమినోసి. ఇందులో సుమారు 20,000 జాతులున్నాయి. ఇంతకంటే పెద్దవి పొద్దుతిరుగుడు కుటుంబం, ఆర్కిడ్ల కుటుంబం మాత్రమే. కంది, పెసర, మినుము, ఉలవ, అలసంద, అనుము, వేరుశనగ, చింత, కానుగ, తుమ్మ, తంగేడు, మోదుగ, గురివింద, దూలగొండి, అత్తిపత్తి అన్నీ ఒకే గూటివి. రోజూ పప్పుచారులోకి వెళ్లే గింజకూ, ఒక్కటి నమిలితే ప్రాణం మీదికి వచ్చే గింజకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉండటానికి కారణం ఉంది. అది నేలలో, వేర్ల దగ్గర మొదలవుతుంది.

ఈ కుటుంబంలో చాలా మొక్కల వేర్లకు బుడిపెలుంటాయి. వాటిలో ఉండే రైజోబియం జాతి బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. మిగతా మొక్కలు నత్రజనికి కరువుపడుతుంటే వీటికి ఆ బాధ తక్కువ. అందుకే పప్పుల్లో ప్రోటీన్ 20 నుంచి 25 శాతం, సోయాలో 40 శాతం దాకా ఉంటుంది. ఇంత ఆస్తి గింజలో దాచుకున్నప్పుడు కాపలా కూడా కావాలి. ఉష్ణమండలంలో చలికాలం పురుగుల్ని చంపిపెట్టదు. పుచ్చుపురుగులు, ఎలుకలు, కోతులు, బూజులు ఏడాది పొడవునా కాచుకునే ఉంటాయి. కాపలాకు మొక్క వాడే సరుకు కూడా ఎక్కువగా నత్రజనితో తయారైనదే: లెక్టిన్లు, ఎంజైముల్ని అడ్డుకునే ప్రోటీన్లు, ఆల్కలాయిడ్లు, ప్రోటీన్లలో చేరని అమైనో ఆమ్లాలు, సయనైడును విడుదల చేసే గ్లైకోసైడ్లు. వీటితో పాటు నత్రజని లేని రొటినాయిడ్లు, ఐసోఫ్లేవోన్లు, కూమరిన్లు, ఆంత్రాక్వినోన్లు, సపోనిన్లు కూడా ఉన్నాయి.

రసాయన శాస్త్రజ్ఞులు వీటిని అణు నిర్మాణాన్ని బట్టి వర్గీకరిస్తారు. తినేవాడికి ఆ వర్గీకరణ కంటే వంటింటి వర్గీకరణే పనికొస్తుంది. కొన్ని విషాలు ఉడికితే పోతాయి. కొన్ని నానబెట్టిన నీళ్లు పారబోస్తే పోతాయి. కొన్ని ఏం చేసినా పోవు. ఈ వ్యాసం ముందుగా ఆ వరుసను అనుసరించి, తర్వాత మందుల, పొలాల సంగతికి వస్తుంది.

ఉడికితే పోయేవి

లెక్టిన్లు చక్కెర అణువుల్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లు. మన కణాల పైపొర మీద రకరకాల చక్కెర గొలుసులు ఉంటాయి కాబట్టి, లెక్టిన్ వాటిని పట్టుకుని పేగు గోడను దెబ్బతీయగలదు, రక్తకణాల్ని గుంపులుగా అంటించగలదు. ప్రోటీన్లు కావడంతో మరిగే నీటిలో వీటి ఆకృతి చెదిరిపోతుంది, దాంతో విషగుణమూ పోతుంది.

ఎర్ర రాజ్మా ఇందుకు తెలిసిన ఉదాహరణ. అందులోని ఫైటోహిమాగ్లుటినిన్ ఎంత తీవ్రమైనదంటే, నాలుగైదు పచ్చి గింజలు తిన్నా కొద్ది గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. పది నిమిషాలకు తగ్గకుండా మరిగించాలన్నది ఆహార భద్రతా సంస్థల సూచన. సన్నని సెగ మీద గంటల తరబడి ఉంచే విద్యుత్ కుక్కర్లలో గింజ మెత్తబడుతుంది కానీ లెక్టిన్ పోయేంత వేడి రాకపోవచ్చు. మన ప్రెషర్ కుక్కర్‌తో ఆ ఇబ్బంది లేదు. ఇదే లెక్టిన్ జన్యుశాస్త్రానికి ఎంతో మేలు చేసింది. ఎర్ర రక్తకణాల్ని తొలగించడానికి దాన్ని వాడుతుండగా, అది తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లను విభజన చెందేలా ప్రేరేపిస్తోందని పీటర్ నోవెల్ 1960లో ఫిలడెల్ఫియాలో గమనించాడు. చెంచాడు రక్తంతో మనిషి క్రోమోజోములను పరీక్షించే పద్ధతి అక్కణ్ణుంచే వాడుకలోకి వచ్చింది.

ఉలవల కథ మనకు ఇంకా దగ్గరది. 1951లో పుణేలో సైనిక వైద్య సేవలో పనిచేస్తున్న జి.డబ్ల్యు.జి. బర్డ్, ఉలవల సారం ‘ఏ’ గ్రూపు రక్తకణాలను మాత్రమే గుంపు కట్టిస్తోందని కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించాడు. తగినంత పలచన చేస్తే అది ఏ1 ఉపగుంపును పట్టుకుని ఏ2ను వదిలేస్తుంది. ఇప్పటికీ రక్తనిధి కేంద్రాల్లో ఏ1, ఏ2లను విడదీసి చూడటానికి వాడే కారకం ఉలవ లెక్టినే. ఉలవచారు గంటల తరబడి మరుగుతుంది కనుక అందులో దీని ఊసే ఉండదు.

పెద్ద కత్తిలాంటి కాయలు కాసే చమ్మకాయకు దగ్గరి బంధువు జాక్ బీన్. దాని పిండిలోంచి జేమ్స్ సమ్నర్ 1919లో కాంకనావలిన్-ఏ అనే లెక్టిన్‌ను, 1926లో యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికాలుగా వేరుచేశాడు. ఎంజైము అంటే ప్రోటీనే అని రుజువు కావడం అదే మొదలు. చాలామంది పెద్ద శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి నమ్మలేదు. పదిహేడో ఏట వేటలో ఎడమచేయి పోగొట్టుకుని, ఒంటిచేత్తో ప్రయోగాలు చేసిన సమ్నర్‌కు 1946లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదే వర్గంలో, కానీ వేరే స్థాయిలో ఉన్నది గురివింద. శాస్త్రీయ నామం అబ్రస్ ప్రెకటోరియస్. కంపచెట్ల మీదికి పాకే సన్నని తీగ. కాయ ఎండి విచ్చుకుంటే లోపల ఎర్రని గింజలు, ఒక్కోదానికి కన్నులా నల్లమచ్చ. బరువులో పెద్దగా తేడా ఉండదని కంసాలులు బంగారం తూయడానికి వాడేవారు. తన కింది నలుపు తాను ఎరగని గింజగా సామెతకెక్కింది. అందులోని అబ్రిన్ రెండు గొలుసుల ప్రోటీన్. ఒక గొలుసు కణం పైనున్న గాలక్టోజ్ చక్కెరను పట్టుకుని లోపలికి దారి చేస్తుంది. రెండోది కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ నుంచి ఒకే ఒక్క అడినిన్‌ను ఊడబెరుకుతుంది. ఆ ఒక్కటి పోతే ఆ రైబోజోము పని ముగిసినట్టే. అబ్రిన్ అణువు అక్కడితో ఆగదు, నిమిషానికి వెయ్యికి పైగా రైబోజోములను పాడు చేస్తూ పోతుంది. ఆముదం గింజలోని రిసిన్ పనిచేసే తీరూ ఇదే, ఆముదం ఈ కుటుంబానిది కాకపోయినా.

గట్టి పెంకు ఉన్న గింజను నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. నమిలినా, నూరినా, పూసలుగా గుచ్చడానికి బెజ్జం చేసినా ప్రమాదం. లక్షణాలు వెంటనే కనిపించవు. కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల తర్వాత వాంతులు, రక్త విరేచనాలు, ఒంట్లో నీరు ఇంకిపోవడం, తర్వాత కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడం జరుగుతాయి. విరుగుడు లేదు. ఈ విషం ప్రోటీన్ స్వభావం కలదని 1884లో కలకత్తాలో వార్డెన్, వాడెల్ తేల్చారు. ఆ రోజుల్లో గురివింద ముద్దతో సూదులు చేసి పశువుల చర్మంలో గుచ్చి చంపే నేరాలు జరిగేవి, వారి పరిశోధనకు అదొక కారణం. దాదాపు అదే సమయంలో పారిస్‌లో లూయీ డి వెకర్ ఇదే గింజల కషాయాన్ని ట్రకోమా రోగుల కళ్లలో వేసేవాడు. కన్ను విపరీతంగా వాచి, వాపు తగ్గాక చూపు మెరుగవుతుందన్న ఆశ అది. కొందరికి కన్నే పోయింది. 1891లో పాల్ ఎర్లిక్ ఎలుకలకు అబ్రిన్, రిసిన్‌లను కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చి, ఒక విషానికి అలవాటుపడిన ఎలుక రెండో విషానికి తట్టుకోదని చూపాడు. ప్రతి విషానికీ శరీరం ప్రత్యేకమైన ప్రతివిషాన్ని తయారుచేస్తుందన్న భావనకు ఇది పునాదుల్లో ఒకటైంది.

పారబోస్తే పోయేవి

అమైనో ఆమ్లాలలాంటి చిన్న అణువులకు వేడి అంతగా లెక్క కాదు. కానీ నీటిలో కరుగుతాయి. ఈ తరగతిలో మన దేశానికి ఎక్కువ దుఃఖం తెచ్చినది కేసరి పప్పు, తెలుగులో లంక పప్పు. ఇది నిజానికి చలికాలపు పంట. వరి కోతకు ముందే తడిచేలో చల్లితే దున్నకుండా, ఎరువు వేయకుండా, వాన లేకుండా పండుతుంది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, బిహార్, బెంగాల్, బంగ్లాదేశ్, ఇథియోపియాల్లో పేదల పంట. మంచి పంటలు పోయిన ఏడాది కూడా చేతికి వస్తుంది. ఆపద కూడా అందులోనే ఉంది. ఒక బ్రిటిష్ అధికారి, స్లీమన్, సాగర్ ప్రాంతంలో జరిగింది రాసిపెట్టాడు. 1829లో వడగళ్లకు, మరుసటి ఏడు వానలేమికి, ఆ పై ఏడు తెగులుకు గోధుమ పోయింది. మూడేళ్లూ ఏపుగా పెరిగింది కేసరి ఒక్కటే, జనం దాన్నే తిన్నారు. 1833 నాటికి పడుచువాళ్లు నడుం కింది భాగం పట్టుతప్పి కర్రల మీద నడవసాగారు.

ఈ జబ్బు పేరు లాథిరిజం. గింజలోని ఓడాప్ అనే అమైనో ఆమ్లం మెదడులో సంకేతాలు మోసే గ్లుటమేట్‌ను అనుకరించి, కాళ్లను నడిపించే నాడీకణాలను అతిగా ఉద్రేకపరిచి దెబ్బతీస్తుంది. కాళ్లు బిగుసుకుపోతాయి, మడమ నేలకు ఆనదు. వచ్చిన అవిటితనం పోదు. రెండు మూడు నెలలపాటు ప్రధాన ఆహారంగా తిన్నవారికే ఇది వస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు తిన్నవారికి రాదు. రేవా ప్రాంతంలో వెట్టి కూలీలకు కూలిగా ఈ గింజలనే కొలిచేవారు. కామందు తినని గింజ కూలివాడి ఇంట మూడుపూటలా ఉడికింది. విషం గింజలో ఉన్నా, జబ్బు కూలి రివాజు నుంచి వచ్చిందనడం తప్పు కాదు.

ఓడాప్‌ను 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ వేరుచేసి నిర్మాణం తేల్చారు. అదే ఏడాది ఢిల్లీ విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి బృందమూ విడిగా దాన్ని గుర్తించింది. రావు ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా దీని మీద పరిశోధన సాగించారు. పప్పును వేడి నీటిలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే విషంలో అధిక భాగం పోతుందని హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్ బృందం 1960లలో చూపించింది. పారబోసిన నీటితో పాటు బి విటమిన్లూ పోతాయి. పైగా వంటచెరకు, నీరు కొరతగా ఉన్న ఇంటికి ఇది చెప్పినంత తేలిక కాదు. 1961లో కేంద్రం అమ్మకం మీద నిషేధానికి దారి తెరిచింది కానీ, సాగు ఎక్కువగా ఉన్న కొన్ని రాష్ట్రాలు దాన్ని అమలు చేయలేదు. ఇతర చోట్ల ఇది కందిపప్పులో, శనగపిండిలో కల్తీ సరుకుగా మారింది. ఓడాప్ తక్కువగా ఉండే రతన్, ప్రతీక్, మహాతేవ్‌రా రకాలు వచ్చాయి. విచిత్రం ఏమిటంటే, చైనా వైద్యంలో రక్తస్రావం ఆపడానికి వాడే ఒక రకం జిన్సెంగ్ వేరులో పనిచేసే పదార్థాల్లో ఇదే ఓడాప్ ఒకటి. అక్కడ దాని పేరు డెన్సికిన్.

దూలగొండి ఇదే తరగతిలోకి వస్తుంది. అడవి అంచున, చేలగట్ల మీద పాకే ఈ తీగ కాయల నిండా గోధుమరంగు నూగు ఉంటుంది. గాలికి రాలి చెమటపట్టిన మెడ మీద పడితే చాలు, మనిషి గంతులేస్తాడు. వెంట్రుకలోని మ్యూకునైన్ అనే ఎంజైము చర్మంలోని నాడుల గ్రాహకాలను నేరుగా కత్తిరించి దురద పుట్టిస్తుంది. ఇది హిస్టమిన్ దారి కాదు, అందుకే మామూలు అలెర్జీ మాత్రతో పెద్దగా తగ్గదు. రుద్దితే నూగు ఇంకా లోతుకు దిగుతుంది. అంటుకునే టేపుతో ఎత్తి తీసి కడుక్కోవడం మేలు.

కాయ బయట దురద, లోపల మందు. గింజలో ఎల్-డోపా 3 నుంచి 6 శాతం దాకా ఉంటుంది. ఈ పదార్థాన్ని మొదట 1913లో బాకలా చిక్కుడు నుంచి తీసిన గుగెన్‌హైమ్ తానే కొంత మింగి వాంతులు చేసుకున్నాడు. దూలగొండి గింజల నుంచి 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. అప్పటికి దీని ఉపయోగం ఎవరికీ తెలియదు. పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమిన్ తరిగిపోతుందనీ, ఎల్-డోపా ఇస్తే అది మెదడులోకి వెళ్లి డోపమిన్‌గా మారుతుందనీ తేలడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1967లో కోట్జియాస్ పెద్ద మోతాదులతో వణుకు, బిగుసుకుపోవడం తగ్గించి చూపాక ఈ చికిత్స స్థిరపడింది. 2004లో లండన్‌లో ఎనిమిది మంది రోగులకు దూలగొండి పొడి ఇచ్చి చూస్తే, అది మామూలు మాత్ర కంటే త్వరగా పనిచేసింది. ఎనిమిది మంది మాత్రమే కనుక దాన్ని పట్టుకుని బజారులో దొరికే పొడిని సొంతంగా వాడటం తగదు. గింజ గింజకూ మోతాదు మారుతుంది.

ఎల్-డోపా అతిగా అందితే ఏమవుతుందో 1989లో మొజాంబిక్ చూసింది. యుద్ధం, కరువు కలిసి వచ్చిన రోజుల్లో ఉత్తర ప్రాంతంలో జనం ఈ గింజలు తిన్నారు. మామూలుగా అక్కడి ఆడవాళ్లు నీళ్లు మార్చి మార్చి ఉడికించి పారబోస్తారు. ఆ ఏడాది నీళ్లూ కరువే. తలనొప్పి, గుండెదడ, మతిభ్రమణంతో రెండు వందల మందికి పైగా జబ్బుపడ్డారు.

కానవనిన్ కూడా చిన్న అణువే. ఇది అర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి నకలు. తిన్న పురుగు తన ప్రోటీన్లలో అర్జినిన్ చోట దీన్ని పెట్టుకుంటుంది, ఆ ప్రోటీన్లు వంకరపోతాయి, పురుగు చస్తుంది. మధ్య అమెరికాలోని కోస్టారికాలో డయోక్లియా అనే తీగ గింజల్లో ఇది 13 శాతం దాకా ఉంటుంది. అయినా కారియెడిస్ బ్రసిలియెన్సిస్ అనే పుచ్చుపురుగు ఆ గింజలు మాత్రమే తిని బతుకుతుంది. దాని కణాల్లో అమైనో ఆమ్లాలను ఏరే ఎంజైము అసలును, నకలును తేడా కనిపెట్టగలదు. అంతే కాదు, కానవనిన్‌ను విరగ్గొట్టి అందులోని నత్రజనిని తన ఆహారంగా వాడుకుంటుంది. డేనియల్ జాన్‌జెన్, జెరల్డ్ రోజెంథాల్ 1970లలో తేల్చిన ఈ సంగతి, మొక్కకూ పురుగుకూ మధ్య ఎన్ని లక్షల ఏళ్లుగా పోటీ నడుస్తోందో చూపుతుంది.

లైమా చిక్కుడు సంగతి క్లుప్తంగా: కర్రపెండలంలో ఉండే లినమరినే ఇందులోనూ ఉంటుంది. గింజ నలిగితే సయనైడు వస్తుంది. సాగు రకాల్లో తక్కువ, రంగు గింజల అడవి రకాల్లో ఎక్కువ. నానబెట్టి, మూత తీసి ఉడికిస్తే ఆవిరిలో, నీళ్లలో పోతుంది.

ఎలాగూ పోనివి

పొలంలో పచ్చిరొట్టగా వేసే జనుము, బీడుల్లో మొలిచి ఎండిన కాయ ఊపితే గలగలలాడే గిలిగిచ్చ మొక్కలు క్రొటలేరియా ప్రజాతివి. వీటిలో చాలావాటిలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. అవి నేరుగా విషం కావు. కాలేయమే వాటిని విరిచి విషంగా మార్చుకుంటుంది. అక్కడి సన్నని రక్తనాళాలు మూసుకుపోయి కడుపులో నీరు చేరుతుంది. జమైకాలో ఇలాంటి మొక్కలతో కాచిన పసరు టీ తాగిన పిల్లల్లో ఈ జబ్బును వైద్యులు 1950లలో గుర్తించారు. మన దగ్గర 1970ల మధ్యలో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో వచ్చింది. సామల లాంటి చిరుధాన్యం పంటలో కలుపుగా మొలిచిన క్రొటలేరియా గింజలు ధాన్యంతో కలిసిపోయాయి. 67 మంది జబ్బుపడగా 28 మంది చనిపోయారు. వండినా ఈ ఆల్కలాయిడ్లు పోవు. కలుపు ఏరడం, ధాన్యం చెరగడం తప్ప వేరే మార్గం లేదు. వానలు చాలని ఏడాది పంట పలచబడి కలుపు పెరుగుతుంది, ఆకలి ఉన్న ఇంట్లో చెరిగి పారబోసే ఓపిక తగ్గుతుంది.

మనిషిని చంపే ఈ పదార్థం కోసం సీతాకోకచిలుకలు వెతుక్కుంటూ వస్తాయి. ఎండిన గిలిగిచ్చ కొమ్మ మీద నీలి, నారింజ చారల చిలుకలు పదుల సంఖ్యలో వాలి ఉండటం వాన వెలిసిన రోజుల్లో కనబడుతుంది. అవన్నీ దాదాపు మగవే. ఎండిన కాడను తడిపి ఆల్కలాయిడ్ పీల్చుకుని, ఆడవాటిని ఆకర్షించే వాసనగా మార్చుకుంటాయి. ఆ చేదు వాటిని పక్షుల నుంచీ కాపాడుతుంది. జనుము ఆకులు తినే యుటెథీసా చిమ్మటా ఇదే పని చేస్తుంది.

రెండో ఉదాహరణ కసివింద. రోడ్ల పక్కన, పెంటకుప్పల మీద పసుపుపూలతో విరగబూసే మొక్క. గింజల్లో ఆంత్రాక్వినోన్లు ఉంటాయి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలం పసిపిల్లలు మూర్ఛలతో ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంటే చాలాకాలం మెదడువాపు వైరస్ అనే అనుకున్నారు. పచ్చి కాయలు తినడం వల్ల కాలేయం, కండరాలు, మెదడు ఒకేసారి దెబ్బతింటున్నాయని 2000ల తర్వాత విపిన్ వశిష్ఠ, టి. జాకబ్ జాన్ బృందం చూపింది. 2016లో మన సరిహద్దునే ఉన్న ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలో ఆదివాసీ పిల్లల మరణాల వెనుక జపనీస్ మెదడువాపుతో పాటు కసివింద కూడా ఉందని నిపుణులు తేల్చారు. ఇదే ఆంత్రాక్వినోన్ల కుటుంబం నేలతంగేడు ఆకులో సెన్నోసైడ్లుగా ఉండి ప్రపంచమంతటా విరేచనం మందుగా అమ్ముడవుతోంది.

విచారణ గింజ నుంచి కంటి చుక్కల దాకా

ఆఫ్రికాలో ఇప్పటి నైజీరియాకు చెందిన కాలబార్ ప్రాంతంలో నదుల ఒడ్డున ఫైసోస్టిగ్మా వెనినోసం అనే తీగ పెరుగుతుంది. దాని గింజను ఎఫిక్ ప్రజలు ఎసెరె అంటారు. మంత్రగత్తె అని అనుమానం వచ్చినవారికి ఈ గింజల పసరు తాగించేవారు. వాంతి చేసుకుని బతికితే నిర్దోషి, చనిపోతే దోషి. నిర్దోషినన్న ధైర్యం ఉన్నవాడు గటగటా తాగేస్తే కడుపు వెంటనే తిప్పికొడుతుందనీ, భయంతో చుక్క చుక్కగా తాగినవాడికి విషం ఒంటబడుతుందనీ తర్వాతివాళ్లు వివరణ ఇచ్చారు. వినడానికి బాగుంది కానీ, ఈ విచారణల్లో పోయిన ప్రాణాలు లెక్కలేనన్ని.

మిషనరీల ద్వారా గింజలు ఎడిన్‌బరా చేరాయి. 1855లో అక్కడి ఆచార్యుడు రాబర్ట్ క్రిస్టిసన్ కొంత తానే నమిలి, గుండె నీరసించి, ఒళ్లు కదలని స్థితిలో గడ్డం గీసుకున్న నీళ్లు తాగి వాంతి చేసుకుని బయటపడ్డాడు. 1860ల మొదట్లో థామస్ ఫ్రేజర్ దాని పనితీరును పద్ధతిగా పరిశీలించాడు. 1863లో ఆర్గైల్ రాబర్ట్‌సన్ సారాన్ని కంట్లో వేస్తే పాప ముడుచుకుంటుందని చూపాడు. 1864లో యోబ్స్ట్, హెస్సె అందులోని ఆల్కలాయిడ్‌ను వేరుచేసి ఫైసోస్టిగ్మిన్ అన్నారు. 1877లో లూద్విగ్ లాకర్ దాన్ని గ్లకోమాకు వాడాడు. ఆయనకూ ఆ జబ్బు ఉంది.

పనిచేసే తీరు ఇది. నాడి నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను పని కాగానే ఒక ఎంజైము విరగ్గొడుతుంది. ఫైసోస్టిగ్మిన్ ఆ ఎంజైమును ఆపుతుంది, కబురు ఆగకుండా మోగుతూ ఉంటుంది. ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. కబురే అందక నీరసించిన కండరాలకు కొద్దిగా ఇస్తే ప్రాణం పోస్తుంది. 1934లో లండన్‌లోని గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే వైద్యురాలు మయస్థీనియా రోగికి దీన్ని ఇచ్చి, వాలిపోయిన కనురెప్పలు లేవడం చూసింది. మరుసటి ఏడాది అమెరికాలో నల్లజాతి రసాయన శాస్త్రజ్ఞుడు పెర్సీ జూలియన్, సహచరుడు పిక్ల్‌తో కలిసి దీన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. ఉమ్మెత్త విషానికి దీన్ని విరుగుడుగా వాడతారు. మతిమరుపు జబ్బుకు ఇచ్చే రివాస్టిగ్మిన్ ఈ అణువు అల్లిక నుంచే వచ్చింది. కార్బరిల్ లాంటి కార్బమేట్ పురుగుమందులూ ఆ అల్లికవే. ఆ కార్బరిల్ తయారీకి నిల్వచేసిన మిథైల్ ఐసోసయనేట్ వాయువే 1984లో భోపాల్‌ను ముంచింది.

మన బావంచాలకు ఇంత నాటకీయత లేదు, వైద్యంలో చోటు మాత్రం పెద్దదే. బొల్లి మచ్చల మీద గింజల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టడం ఆయుర్వేదంలో పాత పద్ధతి. గింజలోని సోరలెన్‌ను మైసూరులో జోయిస్, మంజునాథ్, వెంకటరావు 1933లో వేరుచేశారు. అది డీఎన్‌ఏ పోగుల మధ్య దూరి, అతినీల కిరణం తగలగానే రెండు పోగులనూ కలిపి కుట్టేస్తుంది. 1970లలో సొరియాసిస్‌కు వచ్చిన పూవా చికిత్సకు ఇదే ఆధారం. ఎండ మోతాదు మించితే బొబ్బలు తప్పవు కాబట్టి సొంత వైద్యం పనికిరాదు.

చేపలు, పశువులు, పొలాలు

అమెజాన్‌లో లాంకోకార్పస్, మలయా దీవుల్లో డెరిస్ వేళ్లను దంచి నీటిలో కలిపి చేపలు పట్టడం చాలా పాత అలవాటు. అందులోని రొటినోన్ కణాలు శక్తి తయారుచేసుకునే మైటోకాండ్రియాలో మొదటి మెట్టునే మూసేస్తుంది. మొప్పల ద్వారా చేప ఒంట్లోకి సులభంగా చేరుతుంది. మనిషి పేగు నుంచి అంతగా చేరదు కనుక ఆ చేపను తిన్నా ఏమీ కాలేదు. సహజమైనదన్న పేరుతో సేంద్రియ సాగులో పురుగుమందుగా ఏళ్ల తరబడి వాడారు. 2000లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రీనమైర్ బృందం ఎలుకల రక్తంలోకి దీన్ని ఎక్కిస్తే పార్కిన్సన్ లక్షణాలు వచ్చాయి. ఒకే కుటుంబంలో ఒక గింజ పార్కిన్సన్‌కు మందు ఇస్తుంటే, మరో వేరు ఎలుకల్లో ఆ జబ్బు లక్షణాలనే తెచ్చిపెడుతోంది. సహజమైనది కాబట్టి మంచిదే అనేవారికి ఇంతకంటే సమాధానం అక్కర్లేదు. మన బీళ్లలోని వెంపలిలోనూ రొటినాయిడ్లు కొద్దిగా ఉంటాయి.

కానుగ గింజలోని కరంజిన్ నేలలో యూరియా నత్రజని త్వరగా నైట్రేటుగా మారి కొట్టుకుపోకుండా ఆపుతుంది. వరిమళ్లలో కానుగ ఆకు తొక్కడం, చెక్క చల్లడం రైతులు ఎందుకు మానలేదో దీనితో కొంత అర్థమవుతుంది. ఈ గింజల రసాయనాల మీద 1940లలో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో శేషాద్రి, రంగస్వామి ముఖ్యమైన పని చేశారు.

కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో కాగితం మిల్లుల కోసం వేసిన సుబాబుల్ ఆకులో మైమోసిన్ ఉంటుంది. గుర్రం, గొర్రె ఎక్కువగా మేస్తే వెంట్రుకలు ఊడతాయి, పశువుల్లో గొంతువాపు వస్తుంది. ఆస్ట్రేలియాలో ఇది పెద్ద సమస్య అయితే, హవాయి మేకలకు మాత్రం ఏమీ కాకపోవడం రేమండ్ జోన్స్ గమనించాడు. తేడా మేకలో లేదు, దాని కడుపులోని బాక్టీరియాలో ఉంది. 1980లలో ఆ బాక్టీరియాను తెచ్చి ఆస్ట్రేలియా పశువుల కడుపులోకి ఎక్కించారు, సమస్య తీరింది. 1992లో ఆ సూక్ష్మజీవికి సినర్జిస్టిస్ జోన్సీ అని ఆయన పేరే పెట్టారు. సర్కారు తుమ్మ కాయలు మేకలకు మంచి మేతే. కానీ నెలల తరబడి అవే ప్రధానంగా తిన్న పశువులకు జూలిప్రోసోపిన్ ఆల్కలాయిడ్ వల్ల నమిలే కండరాలు చచ్చుబడి మూతి వంకర పోతుంది. గట్ల మీద పచ్చిరొట్టకు వేసే గిరిపుష్పం ఆకు, బెరడును మధ్య అమెరికాలో ధాన్యంతో కలిపి ఎలుకలకు పెడతారు. పులిసినప్పుడు అందులోని కూమరిన్ రక్తం గడ్డకట్టనివ్వని పదార్థంగా మారుతుంది.

వేరుశనగలోని ఆఫ్లటాక్సిన్‌ను ఈ జాబితాలో చేర్చకూడదు. అది గింజ విషం కాదు, తేమ తగిలి పట్టిన బూజు విషం.

జాగ్రత్తలు

రోజువారీ పప్పులను కడిగి, నానబెట్టి, బాగా ఉడికించి తినేవారికి భయపడాల్సింది ఏమీ లేదు. రాజ్మా, సోయా, చమ్మకాయ ముదురు గింజలు పచ్చిగా, అరకొరగా ఉడికించి తినకూడదు, నానబెట్టిన నీళ్లు వాడకూడదు. కరువు ఏళ్లలో ఒకే గింజ మీద ఊరంతా బతకాల్సిన పరిస్థితి రాకుండా చౌకధరల దుకాణంలో వేరే పప్పు అందించడం లాథిరిజానికి అన్నిటికన్నా నమ్మకమైన నివారణ. కసివింద కాయలు కోసుకు తినవద్దని అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలకు మొక్కను చూపించి చెప్పాలి. గురివింద పూసలు, బొమ్మలు పసిపిల్లలున్న ఇంట ఉంచకూడదు. పిల్లవాడు గింజ నమిలి మింగినట్టు తెలిస్తే, బాగానే ఉన్నాడు కదా అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగిలిన గింజ ఒకటి వెంట పట్టుకెళ్తే విషమేదో గుర్తించడం వైద్యునికి తేలికవుతుంది.